లెన్సు పెద్దది చేస్తుంది, దగ్గర చేయదు

"కెమెరా కాదు ముఖ్యం, కెమెరా వెనకున్న కన్ను ముఖ్యం." ఈ మాట మీరూ వినే ఉంటారు. ఈమధ్య మా మేనల్లుడు పంపిన వీడియోలో ఒకాయన సరిగ్గా ఇదే చెబుతున్నాడు. చెబుతున్నంతసేపూ ఆయన ఒళ్లో చంటిబిడ్డంత తెల్లటి లెన్సు ఉంది.

వీడియో కింద వాడి మెసేజి: "మామా, 180-600 లెన్సు ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నా. సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్‌కి చేతిలో ఉండాల. ఏమంటావు?" కన్ను చాలని చెప్పే వీడియో చూసి లక్షన్నర దాటిన లెన్సు కొనాలనిపించిందంటే ఆ వీడియో తన పని తాను చక్కగా చేసిందన్నమాట.

వాడికి ఫోన్లో చెప్పింది అరకొరగా అనిపించి ఇది రాస్తున్నా. నాది కావలిలో మందుల షాపు. ఆదివారం పొద్దున, పండగ పూట తప్ప కెమెరా బయటికి తీసే తీరిక ఉండదు. కాబట్టి ఇది నాలాంటి వాళ్లకోసం రాసింది. కన్ను చాలనేది అబద్ధం. లెన్సు కొంటే చాలనేది అంతకన్నా ఖరీదైన అబద్ధం. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పిట్టల ఫోటోలు మొదలుపెట్టేవాడు ముందు చూసుకోవాల్సింది పిట్టకూ తనకూ మధ్య ఉన్న దూరం సంగతి. అది లెన్సుతో తగ్గదు, సాఫ్ట్‌వేర్‌తో అసలే తగ్గదు.

ముందు లెన్సు తరఫున

పూలు, సాలెగూళ్లు, సోమశిల మీద మబ్బులు, కంభం చెరువులో సాయంత్రపు ఎండ, వీటికి ఫోన్ చాలు. ఇక్కడ కన్ను మాట నూటికి నూరుపాళ్లూ నిజం. పిట్టల దగ్గరికొచ్చేసరికి అది చెల్లదు. కెమెరాతో పాటు వచ్చే 18-55 ఎం.ఎం. చిన్న లెన్సుతో (ఈ అంకె పెరిగేకొద్దీ దూరపుది పెద్దగా కనిపిస్తుంది) నేలపట్టు పిట్టల అభయారణ్యంలో టవర్ ఎక్కి నిలబడితే, చెట్ల నిండా గూడబాతులు (పెలికాన్లు) ఉన్నా ఫోటోలో వచ్చేది తెల్లచుక్కలే. ఎంత గొప్ప కన్నున్నా చుక్క చుక్కే.

కాస్త లెక్క చూద్దాం. పెద్ద రాజహంస (ఫ్లెమింగో) నిలబడితే నాలుగడుగుల పైచిలుకు. 24 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సార్ (చిన్న సైజు సెన్సార్) కెమెరాలో ఫ్రేము ఎత్తు 4000 పిక్సెళ్లు. పిట్ట 300 మీటర్ల దూరంలో ఉంటే 500 ఎం.ఎం. లెన్సులో దాని ఎత్తు సుమారు 550 పిక్సెళ్లు. 250 ఎం.ఎం.లో అందులో సగం. అంటే ఆ దూరంలో పెద్ద లెన్సు లేనివాడికి ఈక అన్నది కనబడనే కనబడదు. లెన్సు ముఖ్యం కాదనేవాళ్లు ఈ లెక్క ఎప్పుడూ చెప్పరు.

అదే పిట్ట 100 మీటర్లకు వస్తే? చవకగా దొరికే 55-250 లెన్సులోనే 800 పిక్సెళ్లు దాటుతుంది. 300 మీటర్ల నుంచి ఖరీదైన లెన్సు ఇచ్చిన దానికన్నా ఎక్కువ. నా వాదనంతా ఇక్కడే ఉంది.

బాడీ, అంటే లెన్సు తీసేస్తే మిగిలే కెమెరా, దాని గురించి ఎక్కువ చెప్పను. కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలు పిట్ట కన్నును వాటంతటవే వెతికి పట్టుకుంటాయి. ఎగిరే పిట్టలకు అదెంత వరమో చేత్తో పట్టుకుని చూస్తే తెలుస్తుంది, దాన్ని తీసిపారేయను. కానీ కూర్చున్న పిట్టకు 2016లో వచ్చిన నికాన్ డీ500 ఈరోజుకీ దండిగా సరిపోతుంది. జనం మిర్రర్‌లెస్‌కు మారేకొద్దీ ఇలాంటివి సెకండ్ హ్యాండ్‌లో బయటికొస్తున్నాయి. కొనేముందు షట్టర్ ఎన్నిసార్లు పడిందో చూసుకోండి, మెమరీ కార్డు పెట్టే చోట పిన్నులు వంగాయేమో టార్చి వేసి చూడండి. అంతే.

మధ్యలో గాలి

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. 2022లో జిల్లాలు విడగొట్టాక అది తిరుపతి జిల్లా కిందికి పోయింది గానీ, మాకు మాత్రం పులికాట్, నేలపట్టు ఇప్పటికీ నెల్లూరువే. జనవరిలో అటకానితిప్ప దాటాక రోడ్డు పక్కన బండి ఆపితే నీళ్లలో గులాబీ రంగు వరస కనిపిస్తుంది. పొగమంచు విడిచాక కొద్దిసేపు గాలి తేటగా ఉంటుంది. తర్వాత ఎండెక్కి బురదనేల వేడెక్కుతుంది. వ్యూఫైండర్‌లో చూస్తే రాజహంసల కాళ్లు వంకర్లు తిరుగుతుంటాయి. ఒక్కో ఫ్రేములో ఒక్కో వంకర. మెడ మీది అంచు అలికినట్టవుతుంది. ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది.

దీనికి ట్రైపాడ్ మందు కాదు. షట్టర్ 1/2000 సెకను పెట్టినా, లెన్సు కన్నాన్ని ఎఫ్/8కి దించినా ఆ వంకర పోదు. వేడిగాలి పొరలు వెలుగును వంచుతున్నాయి, ఆ పొరలు మీకూ పిట్టకూ మధ్యలో ఉన్నాయి. లెన్సు ఎంత పొడుగైతే ఆ గాలినీ అంత పెద్దది చేసి చూపిస్తుంది. మాకు తెలిసినాయన ఒకరు కొత్త 600 ఎం.ఎం. జూమ్‌లో లోపం ఉందని సర్వీస్ సెంటర్‌కు పంపాడు. లోపమేమీ లేదని వెనక్కొచ్చింది. మళ్లీ పంపాడు. ఆయన తీసిన ఫోటోలన్నీ పదకొండు గంటలప్పుడు బురద మీదుగా తీసినవి.

తొమ్మిది దాటాక పులికాట్‌లో దూరపు పిట్టల జోలికి పోకపోవడమే మంచిది. కెమెరా పక్కన పెట్టి బైనాక్యులర్స్‌తో చూసి ఆనందించండి. లేదా ఆ వేడిగాలినే వాడుకుని, నీళ్లూ ఆకాశమూ కలిసిపోయిన చోట పిట్టల వరసను చిన్నగా పెట్టి తీయండి. అందుకు 70 ఎం.ఎం. చాలు.

దగ్గరికి పోవడమంటే

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, చిన్నదేం కాదు. "అందరూ దగ్గరికి పోతే గూళ్లు ఏమైపోవాల? దూరంగా ఉండి తీయడానికే కదబ్బా పెద్ద లెన్సు" అని మా మిత్రుడొకాయన గట్టిగా వాదించాడు. నేలపట్టు విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. చెరువులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. తల్లి బెదిరి లేస్తే పిల్ల ఎండలో మిగిలిపోతుంది, కాకులు కాచుకుని ఉంటాయి. అక్కడ టవర్ మీద నుంచే తీయాలి. చేతిలో పెద్ద లెన్సు లేకపోతే గూడు ఫోటో మానుకోవాలి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇన్నేళ్లుగా ఆ పిట్టల జోలికి పోకుండా కాపాడుకొస్తున్నారు. వాటి రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువని వాళ్లకు తెలుసు. మన ఫోటో కోసం దాన్ని చెడగొట్టే హక్కు మనకు లేదు.

కాబట్టి దగ్గరంటే పిట్ట మీదికి నడుచుకుంటూ పోవడం కాదు. మనిషి పక్కనున్నా పట్టించుకోని పిట్టను ఎంచుకోవడం. అలాంటివి మన చుట్టూ కావలసినన్ని ఉన్నాయి. నాట్ల ముందు పొలంలో ట్రాక్టర్ దమ్ము చేస్తుంటే కేజ్ వీల్స్ వెనకాలే తెల్లకొంగలు బురదలో పురుగుల కోసం ఎగబడతాయి. గట్టు మీద గొంతుక్కూర్చుంటే పది పదిహేను అడుగుల్లో కొంగ. దాని కాలి వేళ్ల పసుపు రంగు, ముక్కున పట్టుకున్న కప్ప, కప్ప కాలి నుంచి కారే బురదనీళ్లు, అన్నీ 55-250లోనే పడతాయి. రొయ్యల గుంట పట్టుబడి చేసి నీళ్లు దించినప్పుడు కూడా అంతే, గుంట అడుగున మిగిలినవాటి కోసం కొంగలు, నీటికాకులు, ఉల్లంకి పిట్టలు దిగుతాయి. మిగతా రోజుల్లో గుంట యజమానులు పిట్టలు వాలకుండా దారాలు కడతారు, టపాకాయలు కాలుస్తారు. పట్టుబడి అయిన మర్నాడు ఎవరికీ పట్టదు. ముందుగా ఆ యజమానిని అడగండి, టీ కూడా ఇస్తాడు.

పులికాట్ రోడ్డు మీద ఒకసారి చూసింది చెప్పాలి. ఒక కారు ఆగి ఉంది, అద్దం దించి లోపలి నుంచి ఎవరో తీసుకుంటున్నారు. రోడ్డుకు దగ్గర్లోనే ఉన్న రాజహంసల గుంపు దాన్ని లెక్కే చేయలేదు. ఇంకో రెండు కార్లు వచ్చి ఆగాయి. తలుపులు ధడేల్మన్నాయి, ట్రైపాడ్‌లు విచ్చుకున్నాయి, గుంపు మెల్లగా నడుస్తూ లోపలికి పోయింది. దిగినవాళ్ల చేతుల్లో ఉన్న లెన్సులు మొదటి కారులోని దానికన్నా రెట్టింపు పొడుగు. అదే సమయంలో వల భుజాన వేసుకుని ఒక జాలరి మోకాలి లోతు నీళ్లలో ఆ గుంపు పక్కగానే నడిచిపోయాడు. అతని వైపు ఒక్క తల కూడా తిరగలేదు. అతను వాటి వైపు నేరుగా పోవడం లేదు, వాటిని చూడటం లేదు, ఆగడం లేదు. పిట్టలకు తెలిసిన తేడా అదే.

మా వైపు చెరువు మీద ఒక యానాది పెద్దాయన చేపలు పడతాడు. నలుపు తెలుపు లకుముకి పిట్ట కోసం నేను గట్టు వెంబడి తిరుగుతుంటే చూసి, "నువ్వాడ కూర్చో సార్, అది ఈ కొయ్య మీదికే వస్తాది" అని నీళ్లలో పాతిన ఒక మొద్దును చూపించాడు. కాసేపటికి వచ్చింది. చేపను మొద్దుకేసి రెండు పక్కలా బాది, తలవైపు నుంచి మింగింది. కలివికోడి అనే పిట్టకు ఇంగ్లీషులో ఎవరి పేరు పెట్టారో ఆ డాక్టరు జెర్డాన్ 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నప్పుడు యానాదులను అడిగే ఇక్కడి జంతువుల సంగతులు తెలుసుకున్నాడు. అంత చదువుకున్న డాక్టరుకు అడగడానికి నామోషీ లేకపోయింది. మనం మాత్రం యూట్యూబ్‌ను అడుగుతాం, పక్కనున్న మనిషిని అడగం.

ధనుర్మాసంలో లెన్సు

కొనడం తప్ప దారి లేదా అని మేనల్లుడి తర్వాతి ప్రశ్న. ఉంది. నెల్లూరులో, ఒంగోలులో కెమెరా వ్యాపారమంతా పెళ్లిళ్ల మీదే నడుస్తుంది. 600 ఎం.ఎం. లెన్సు అద్దెకు కావాలంటే చెన్నైకి ఫోన్ చేయాల్సిందే. కానీ 70-200 ఎఫ్/2.8 మాత్రం ఏ స్టూడియోలో చూసినా ఉంటుంది. ముహూర్తాల రోజుల్లో దాన్ని అడిగితే కొడతారు. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం పట్టిందా, సంక్రాంతి దాకా పెళ్లిళ్లుండవు, లెన్సులు బీరువాల్లో పడుకుని ఉంటాయి. ఈశాన్య రుతుపవనాలు సరిగా కురిసి చెరువులు నిండిన సంవత్సరం పిట్టల సీజను మంచి ఊపు మీదుండేది కూడా అప్పుడే. మన పంచాంగం పిట్టల ఫోటోగ్రాఫర్‌కు ఇంత అనుకూలంగా రాసి పెట్టి ఉందని చాలామందికి తట్టదు. తెలిసిన స్టూడియో ఆయన దగ్గర 70-200తో పాటు దాని అందుబాటును పెంచే టెలికన్వర్టర్ కూడా ఉంటే క్రాప్ సెన్సార్ మీద పని బాగానే జరుగుతుంది. ఆ నెల రోజులూ అద్దెకు వాడి చూశాక కూడా కొనాలనిపిస్తే కొనుక్కోండి. అప్పుడు మీకు ఏది తక్కువైందో మీకే తెలుస్తుంది.

కొన్నాక ఎవరూ చెప్పని ఖర్చు ఇంకోటుంది, బూజు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో లెన్సును తోలు కేసులో పెట్టి అటక మీద పెడితే వానాకాలం తిరిగేసరికి అద్దం లోపల తెల్లటి దారాలు పాకుతాయి. ముదిరితే అద్దం మీది కోటింగ్‌నే తినేస్తుంది. నా షాపుకొచ్చి మాత్రల డబ్బాల్లో ఉండే చిన్న సిలికా పొట్లాలు అడిగి తీసుకెళ్లేవాళ్లున్నారు. తెరిచిన డబ్బాలోవి అప్పటికే తేమ తాగేసి ఉంటాయండీ, వాటితో లాభం లేదు. రంగు మారే సిలికా జెల్ విడిగా కొనండి. నీలం గింజల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, దాన్ని వంటింట్లో వేయించకండి. ఆరెంజ్ రంగువి తీసుకోండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ చూపించే చిన్న మీటర్, ముల్లు 40కీ 50కీ మధ్య ఉంటే నిశ్చింత. బియ్యంలో పెట్టే అలవాటు మానండి, పిండి లోపలికి పోతుంది.

ఎడిటింగ్‌లో ఎక్కడ ఆగాలి

సాఫ్ట్‌వేర్‌ను నేను దుమ్మెత్తిపోయను. రా ఫైలులో, అంటే సెన్సార్ పట్టుకున్నదాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైలులో, తీసి ఎడిట్ చేసుకోవడం మోసం అనేవాళ్లతో నాకు పేచీ. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు, 14 బిట్ రా ఫైలులో 16,384. నల్లటి ఆకుల ముందు తెల్లకొంగ కూర్చుంటే కెమెరా ఆ నలుపును చూసి వెలుగు పెంచుతుంది, కొంగ వీపు తెల్ల కాగితం ముక్కలా మిగులుతుంది. కాస్త వెలుగు తగ్గించి రా తీసి ఇంటికొచ్చి హైలైట్స్ (మరీ తెల్లగా ఉన్న భాగాలు) తగ్గిస్తే ఈకల వరస బయటికొస్తుంది. ఆ ఈకలు అక్కడ ఉన్నాయి, కెమెరా వాటిని పట్టుకుంది, మనం బయటికి తీశాం. ఇందులో దాపరికం ఏముంది?

దీనికి ఖర్చు కూడా అక్కర్లేదు. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ 2017 తర్వాత ఒకసారి కొని ఉంచుకునే పద్ధతిలో లేదు, కట్టుకుంటూ పోవాల్సిందే. డార్క్‌టేబుల్, రాథెరపీ ఉచితం. నికాన్‌వాళ్లకు ఎన్‌ఎక్స్ స్టూడియో, కెనాన్‌వాళ్లకు డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్ కంపెనీలే ఉచితంగా ఇస్తున్నాయి. పెన్ డ్రైవ్‌లో చేతులు మారే క్రాక్ ఫోటోషాప్ కోసం లాప్‌టాప్‌ను పణంగా పెట్టాల్సిన పనిలేదు. డార్క్‌టేబుల్ మొదట్లో తల తినేస్తుంది, ఆ మాట దాచను. ఎక్స్‌పోజర్ (వెలుగు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సరి), క్రాప్, ఈ మూడింటితో మొదలుపెట్టి మిగతా మాడ్యూల్స్ వైపు చూడకండి.

నాకు ఎటూ తేలని చోటు ఏఐ డీనాయిస్, అంటే వెలుగు చాలనప్పుడు ఫోటో నిండా పడే గరుకు చుక్కలను (నాయిస్) ఏఐతో తుడిచేయడం. 2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్‌లోకి అది వచ్చాక పాత బాడీలకు కొత్త ప్రాణం వచ్చినట్టయింది. తెల్లవారుజామున వెలుగు చాలక ఐఎస్ఓ 6400 దాకా పెంచి తీసిన ఫోటో కూడా శుభ్రంగా వస్తోంది. కొత్త బాడీ కొనక్కర్లేదని నేను ధీమాగా చెబుతున్నానంటే సగం దాని పుణ్యమే. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఒక మిత్రుడి గూడబాతు ఫోటో పెట్టి చూశాం. మబ్బు పట్టిన పొద్దు, దూరపు పిట్ట, గట్టిగా క్రాప్ చేసింది. గూడబాతు పై ముక్కు అంచు వెంబడి నీలం నలుపు చుక్కలు వరసగా ఉంటాయి, ఆ జాతికి గుర్తే అది. ఫలితం చూస్తే ముక్కు నున్నగా, చందనం పూసినట్టుంది. చుక్కలను నాయిస్ అనుకుని తుడిచేసింది! అదే ఫోటోలో మెడ మీద మాత్రం ఒరిజినల్‌లో లేని ఈకల గీతలు ఎంతో అందంగా దిద్ది పెట్టింది. మిత్రుడికి అది తెగ నచ్చింది. "ఎంత షార్ప్‌గా వచ్చిందో చూడు" అన్నాడు. చుక్కలు చూపించాక కూడా, "ఫేస్‌బుక్‌లో ఎవరు చూస్తారు లేవయ్యా" అన్నాడు.

నిజమే, ఫోన్ తెర మీద ఎవరూ చూడరు. గోడకు తగిలించుకునే బొమ్మ అయితే నాకూ పట్టింపు లేదు. కానీ పిట్టల ఫోటోలు ఇప్పుడు బొమ్మలే కాదు. పిట్టల రికార్డులు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటు లాంటి చోట్ల ఫలానా పిట్ట ఫలానా రోజు ఇక్కడుంది అనడానికి అవే ఆధారం. బురద మీద పరుగెత్తే పిచ్చుకంత ఉల్లంకుల్లో లిటిల్ స్టింట్‌కు కాళ్లు నలుపు, టెమ్మింక్స్ స్టింట్‌కు పసుపు పచ్చ. 300 మీటర్ల నుంచి తీసి, వేడిగాలిలో కరిగిపోయిన కాళ్లను సాఫ్ట్‌వేర్ తన ఊహతో మళ్లీ గీస్తే ఆ ఫోటో దేనికి సాక్ష్యం? దూరాన్ని లెన్సు దాటలేకపోయిన చోట సాఫ్ట్‌వేర్ కథ అల్లుతోంది. నేను పెట్టుకున్న నియమం చిన్నది. స్లైడర్‌ను తిప్పి ఒరిజినల్ పక్కన పెట్టి చూస్తా, ముక్కు, కన్ను, కాళ్లు, ఈ మూడింట్లో కొత్తది ఏదైనా కనిపిస్తే ఆ ఫోటోను రికార్డుకు పంపను. ఈ గీత సరైన చోటే గీశానా అంటే ఖచ్చితంగా చెప్పలేను. నాయిస్ తీయడమూ ఊహే కదా, కాకపోతే చిన్న ఊహ.

అందుకే మన దగ్గర జరిగే పిట్టల ఫోటో పోటీలకు నాదొక విన్నపం. లండన్‌లో జరిగే వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో చివరి దశకొచ్చిన వాళ్లను రా ఫైలు అడుగుతారు. మన నిర్వాహకులూ అడగాలి. ఒక నిర్వాహకుడితో ఈ మాటంటే, "రా ఫైలు అడిగితే సగం ఎంట్రీలు పడిపోతాయి సార్" అన్నాడు. పడిపోనీండి. మిగిలిన సగంలో ట్రాక్టర్ వెనక కొంగను 55-250తో తీసిన పిల్లవాడు ఒకడుంటాడు, ఇప్పుడు వాడి ఫోటో మొదటి వడపోతలోనే పోతోంది.